అతుకు బలం వాలులో ఉంది

1959 జనవరిలో న్యూయార్క్ పడవల ప్రదర్శనకు ట్రైటన్ అనే తెరచాప పడవ వచ్చింది. రోడ్ ఐలండ్‌కు చెందిన ఎవరెట్, క్లింటన్ పియర్సన్‌లు దాన్ని తయారుచేశారు. నమూనా గీసినవాడు కార్ల్ ఆల్‌బర్గ్. పొడవు ఇరవై ఎనిమిదిన్నర అడుగులు, పొట్టంతా ఫైబర్‌గ్లాస్. ఆ తర్వాతి ఏళ్లలో 700కు పైగా ట్రైటన్‌లు నీళ్లలోకి దిగాయి. జేమ్స్ బాల్డ్‌విన్ అనే అమెరికన్ నావికుడు తన ట్రైటన్ ‘యాటమ్’లో రెండుసార్లు భూగోళాన్ని చుట్టి వచ్చాడు.

ఆరు దశాబ్దాలు దాటినా ఆ పడవల్లో చాలా ఇంకా తిరుగుతున్నాయి. కొంత కారణం ఆనాటి మందమైన పొట్ట. అంతకన్నా పెద్ద కారణం, ఫైబర్‌గ్లాస్‌ను బాగుచేసే పనితనం పడవల యార్డుల్లోనూ యజమానుల చేతుల్లోనూ పెరగడం. ఎక్కడ పగిలినా మళ్లీ అంత బలంగా కట్టవచ్చు. కట్టే తీరు తెలియాలి, అంతే.

ఎపాక్సీయే ఎందుకు?

ఫైబర్‌గ్లాస్ అంటే గాజు నారబట్ట, దాన్ని తడిపి గట్టిపడే రెజిన్. లాగితే తెగకుండా ఆపేది నార. నారను కదలకుండా పట్టి ఉంచేది రెజిన్. ఎక్కువ పడవలు పాలియెస్టర్ రెజిన్‌తో తయారవుతాయి. అది చవక. పడవను మొదట కట్టేటప్పుడు కింది పొర ఇంకా పచ్చిగా ఉండగానే పై పొర పడుతుంది కాబట్టి రెండూ రసాయనికంగా ఒకటైపోతాయి.

మరమ్మతులో ఆ అవకాశం లేదు. పాత పొర ఎప్పుడో పూర్తిగా ఎండిపోయింది. దానిమీద వేసే కొత్త పొర కేవలం జిగురులా పట్టుకోవాలి. జిగురుగా పాలియెస్టర్ బలహీనం, పైగా ఆరేటప్పుడు ఎక్కువగా ముడుచుకుంటుంది. ఎపాక్సీ అనే మరో రకం రెజిన్ తక్కువ ముడుచుకుంటుంది, పాత పొరను గట్టిగా పట్టుకుంటుంది, నీటిని అంత తేలిగ్గా లోపలికి రానివ్వదు.

మిషిగన్ రాష్ట్రంలోని బే సిటీకి చెందిన గూజన్ సోదరులు 1969లో పెట్టిన సంస్థ ఎపాక్సీతో అతికే పద్ధతికి పేరు తెచ్చింది. వాళ్లు మొదట చెక్క పడవలు కట్టేవాళ్లు. 1970లో నీళ్లలోకి దించిన ‘అడాజియో’ అనే 35 అడుగుల మూడు పొట్టల పడవను మేకుల మీద ఆధారపడకుండా ఎపాక్సీతోనే అతికారు. చెక్క మీద నేర్చిన ఆ విద్యే తర్వాత ఫైబర్‌గ్లాస్ మరమ్మతుకూ పనికొచ్చింది.

ముందు వినాలి, తర్వాత అరగదీయాలి

పగులు కనిపించిన చోటే దెబ్బ ఆగిపోదు. చిన్న సుత్తితో పొట్టంతా మెల్లగా తట్టుకుంటూ పోతే గట్టి చోట ఖంగుమంటుంది, పొరలు విడిపోయిన చోట మొద్దుగా మోగుతుంది. ఆ మొద్దు చప్పుడు ఆగేంత వరకూ చుట్టూ గీత గీసుకుంటారు. నీటి అడుగు భాగంలో బొబ్బలుంటే పొడిచి చూస్తారు. వెనిగర్ లాంటి పుల్లని వాసనతో ద్రవం కారితే, నీరు పైపూత దాటి లోపలి పదార్థాలతో కలిసిందని అర్థం. అలాంటి పొట్టను కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. తడి మీద వేసిన అతుకు నిలవదు.

ఆ తర్వాతే అసలు పని. పాడైన భాగాన్ని కోసేసి, రంధ్రం అంచు నుంచి బయటికి పొట్టను వాలుగా అరగదీస్తారు. యార్డుల్లో చెప్పే లెక్క పన్నెండుకు ఒకటి. పొట్ట మందం 6 మిల్లీమీటర్లయితే వాలు చుట్టూ 72 మిల్లీమీటర్లు సాగాలి. అంటే 10 సెంటీమీటర్ల రంధ్రం కోసం దాదాపు 24 సెంటీమీటర్ల వెడల్పున అరగదీయాలి. చూసేవాళ్లకు బాగున్న పొట్టను పాడుచేస్తున్నట్టే ఉంటుంది. కానీ తెగిన నారలో బరువు మోసే శక్తి లేదు. ఆ బరువును కొత్త నారకు అప్పగించాలంటే రెండూ విశాలంగా ఒకదాని మీద ఒకటి పరుచుకోవాలి. నిటారు అంచుకు అతికిన బిళ్ల ఆ సన్నని అంచు దగ్గరే ఊడుతుంది.

వాలు సరిగ్గా వచ్చిందో లేదో పొట్టే చెబుతుంది. పొర తర్వాత పొర బయటపడి, రంధ్రం చుట్టూ వలయాలు తేలతాయి. వలయాల వెడల్పు అన్ని వైపులా సమానంగా ఉంటే చెయ్యి నిలకడగా నడిచినట్టు. వాటిని లెక్కపెడితే ఎన్ని పొరలు తిరిగి వేయాలో కూడా తేలిపోతుంది.

గాజు ధూళి, ఎపాక్సీ రెండూ మనిషికి మంచివి కావు. మాస్కు, చేతి తొడుగులు తప్పనిసరి. ఎపాక్సీ చర్మానికి పదేపదే తగిలితే వచ్చే అలర్జీ జీవితాంతం వదలకపోవచ్చు.

పొరలు వేసే పద్ధతి

బట్ట ఎంపికలోనూ మెలకువ ఉంది. తరిగిన నారతో చేసే మ్యాట్‌లో ముక్కల్ని పట్టి ఉంచే బంధకం చాలా రకాల్లో పాలియెస్టర్‌లోని స్టైరిన్‌కు కరుగుతుంది, ఎపాక్సీకి కరగదు. అందుకే ఎపాక్సీతో నేత బట్టనో, రెండు దిశల్లో నార పేర్చి కుట్టిన బట్టనో వాడతారు. ముక్కల్ని వలయాల కొలతకు కత్తిరించుకుంటారు. చాలామంది పెద్ద ముక్కను ముందు వేస్తారు. అది వాలు మొత్తాన్నీ పట్టుకుంటుంది, తర్వాత పైన నునుపు చేసేటప్పుడు తెగదు.

రెజిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ నిష్పత్తి తయారీదారు చెప్పినట్టే ఉండాలి. తొందరగా గట్టిపడాలని హార్డెనర్ ఎక్కువ పోస్తే ఎపాక్సీ సరిగ్గా గట్టిపడకుండానే ఉండిపోతుంది. కలిపినదాన్ని లోతు గిన్నెలో ఉంచితే దాని వేడికి అదే పొగలు కక్కుతుంది. అందుకే వెడల్పాటి పళ్లెంలో పోస్తారు. ఎండాకాలంలో నిదానంగా పట్టే హార్డెనర్ తీసుకుంటారు.

బట్ట తడిసి పారదర్శకమయ్యాక గాలి బుడగల్ని రోలర్‌తో తోలేస్తారు. ఆరిన ఎపాక్సీ మీద కొన్నిసార్లు మైనంలాంటి పొర తేలుతుంది. దాన్ని మామూలు నీళ్లతో రుద్ది కడిగాకే ఉప్పు కాగితం పట్టాలి. కడగకుండా రుద్దితే మైనం లోపలికి పోయి తర్వాతి పొరను పట్టనివ్వదు. చివరగా రంగు వేయక తప్పదు. ఎండకు ఎపాక్సీ పాడవుతుంది.

పగులుకు కారణం లోపలుంటే బయటి అతుకు ఒక్కటే చాలదు. పడవ లోపలి అడ్డగోడ అంచు పొట్టను ఒకేచోట నొక్కుతుంటే అక్కడే మళ్లీ చీలుతుంది. ఆ మూలను సిలికా పొడి కలిపిన చిక్కటి ఎపాక్సీతో గుండ్రంగా నింపి, రెండు పక్కలకూ పట్టేలా బట్ట పరుస్తారు. బరువు ఒక గీత మీద కాకుండా వెడల్పుగా పడుతుంది.

మనకెందుకు?

ఇది దూరదేశాల ముచ్చట మాత్రమే కాదు. 2017 సెప్టెంబర్‌లో గోవా నుంచి బయల్దేరి 2018 మేలో తిరిగొచ్చిన నౌకాదళ పడవ ‘తారిణి’ పొట్ట మధ్యలో చెక్క, రెండు పక్కలా ఫైబర్‌గ్లాస్. అందులో భూగోళం చుట్టిన ఆరుగురు మహిళా అధికారుల్లో విశాఖపట్నం స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య ఉన్నారు. హుస్సేన్ సాగర్‌లో పిల్లలు తెరచాప నేర్చుకునే చిన్న పడవలూ, మన తీరంలో రోజూ వేటకు వెళ్లే బోట్లూ ఎక్కువగా ఫైబర్‌వే. ఇసుక మీదికి లాగినప్పుడల్లా వేటబోట్ల అడుగు అరుగుతుంది.

ఫైబర్‌గ్లాస్ చెక్కలా కుళ్లదు, ఇనుములా కరిగించి మళ్లీ వాడుకోవడం తేలిక కాదు. పారేస్తే ఏళ్లతరబడి ఒడ్డున అలాగే పడి ఉంటుంది. కాబట్టి బాగుచేయడమే దానికి చేయగల న్యాయం. ఎపాక్సీ ఖరీదైనదే. కానీ నిటారు అంచుకు ఏడాదికోసారి వేసే చవక బిళ్లలకన్నా, వాలు తీసి ఒక్కసారి వేసిన అతుకు ఆదా. తీరప్రాంత ఐటీఐల్లో వెల్డింగ్‌తో పాటు ఈ విద్యనూ నేర్పాలి. పడవ బాగుచేయించేవాళ్లు ఖరీదు అడిగేముందు రెండు ప్రశ్నలు అడగాలి: పొట్ట ఎన్నాళ్లు ఆరబెడతారు, వాలు ఎంత తీస్తారు? వాటికి కొలతలతో జవాబు చెప్పగలిగిన మేస్త్రి చేతికి పడవను ధైర్యంగా అప్పగించవచ్చు.