జాలి అపరాధమైన చోటు: ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ నవల - ఒక పరిశీలన

హార్పర్ లీ రచించిన ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ నవల 1960లో వెలువడి, మరుసటి ఏడాది పులిట్జర్ పురస్కారం పొందింది. 1962లో చలనచిత్రంగా వచ్చింది. 1930ల నాటి అలబామా రాష్ట్రంలోని మేకోంబ్ అనే కల్పిత పట్టణం దీనికి కథాస్థలం. టామ్ రాబిన్సన్ అనే నల్లజాతి కూలీపై మోపిన అత్యాచార నేరం, అతని పక్షాన ఆటికస్ ఫించ్ అనే శ్వేతజాతి న్యాయవాది చేసిన వాదన ఇందులోని ప్రధాన ఘట్టాలు. ఆటికస్ ఉదాత్త వ్యక్తిత్వమే ఈ నవల చిరకాల ఆదరణకు కారణమని సాధారణంగా భావిస్తారు. అయితే ఆటికస్ బోధించిన నీతి న్యాయస్థానంలో ఏమైందో పరిశీలిస్తే, నవల బలం మరొక చోట ఉన్నదని స్పష్టమవుతుంది.

ఎదుటి మనిషి స్థానంలో నిలిచి చూడనిదే అతనిని అర్థం చేసుకోలేమని ఆటికస్ తన కుమార్తె స్కౌట్‌కు నవల తొలి భాగంలోనే చెబుతాడు. ఈ పాఠాన్ని ఎవరూ చెప్పకుండానే ఆచరించినవాడు టామ్. స్నేహితులు లేక, ఇంటి చాకిరీలో ఒంటరిగా నలిగిపోతున్న శ్వేతజాతి యువతి మేయెల్లా యూయెల్ పిలిచినప్పుడల్లా అతడు కూలి తీసుకోకుండా పనులు చేసిపెట్టాడు. అలా ఎందుకు చేశావని ప్రాసిక్యూటర్ గిల్మర్ గుచ్చిగుచ్చి అడిగినప్పుడు, ఆమెను చూసి జాలిపడ్డానని చెప్పాడు. ఆ మాట అనకుండా ఉండవలసిందని మరుక్షణమే అతనికి అర్థమైంది.

సాక్ష్యాలన్నీ టామ్ నిర్దోషిత్వాన్నే సూచిస్తాయి. మేయెల్లా ముఖానికి కుడివైపున దెబ్బలు తగిలాయి. టామ్ ఎడమ చేయి చిన్ననాడే పత్తి జిన్నింగ్ యంత్రంలో చిక్కి పనికిరాకుండా పోయింది. మేయెల్లా తండ్రి బాబ్ యూయెల్‌ది ఎడమచేతి వాటం. అయినా జ్యూరీ టామ్‌ను దోషిగా నిర్ణయించింది. జాలిపడేవాడు జాలికి పాత్రమైనవారికంటే ఒక మెట్టు పైన నిలబడతాడు. నల్లజాతి పురుషుడు శ్వేతజాతి స్త్రీకంటే ఆ ఒక్క మెట్టు పైన నిలవడాన్ని మేకోంబ్ సహించలేదు. ఆటికస్‌కు సుగుణమైనది టామ్‌కు అపరాధమైంది. సానుభూతి సైతం జాతిని బట్టి పంచబడిన హక్కేనన్న ఈ సత్యం నవలలో ఎవరి ఉపన్యాసంలోనూ వినిపించదు, కథాగమనంలోనే వ్యక్తమవుతుంది.

నవల పరిమితి కూడా ఇక్కడే బయటపడుతుంది. స్కౌట్ విచారణను నల్లజాతీయులకు కేటాయించిన బాల్కనీలో కూర్చుని చూస్తుంది. చోటు వారిది, చూపు మాత్రం ఆమెదే. జైలు నుండి పారిపోబోయిన టామ్‌ను పదిహేడు తూటాలతో చంపిన వార్త ఫించ్ కుటుంబం వంటింటికి కబురుగా వస్తుంది. అతని భార్య హెలెన్ కుప్పకూలిన దృశ్యాన్ని డిల్ చూసి చెబితే స్కౌట్ తెలుసుకుంటుంది. అంటే ఆ దుఃఖం పాఠకునికి మూడవ నోట చేరుతుంది. ఎదుటివారి స్థానంలో నిలవమన్న నవల టామ్ ఇంటి గడప దాటి లోపలి బతుకును చూపలేకపోయింది. బాల్యాన్ని తలచుకుని చెప్పే ఉత్తమపురుష కథనం ఈ పరిమితికి కొంత కారణమే అయినా, ఆ కథనాన్ని ఎంచుకున్నది రచయిత్రే.

అంతకుముందే రాసిన ‘గో సెట్ ఎ వాచ్‌మన్’ 2015లో ప్రచురితమైనప్పుడు, అందులో జాతుల సమైక్యతను వ్యతిరేకించే ఆటికస్‌ను చూసి అనేకులు కలత చెందారు. ఆదరణకు ఆధారం ఆటికస్ ఒక్కడే అయితే ఆ కలత సహజం. టామ్ పలికిన ఆ ఒక్క మాటను కేంద్రంగా చదివినవారికి మాత్రం తొలి నవల విలువ తగ్గదు. జాలిపడే హక్కు ఎవరిదన్న ప్రశ్నను ఆటికస్ వాదన పరిష్కరించలేదు, తీర్పు కూడా పరిష్కరించలేదు. అందుకే ఈ నవల ఆరు దశాబ్దాలు దాటినా పునఃపఠనాన్ని కోరుతూనే ఉన్నది.