పుక్కిటి పురాణం: ఒక మాటలోని పనితనం

వేంపల్లె దాటి గండికి పోతే, పాపఘ్ని కొండను చీల్చుకుని వచ్చే చోట, వీరాంజనేయస్వామి గుడి దగ్గర ఒక కథ వినిపిస్తుంది. ఆ రెండు కొండల నడుమ వాయుదేవుడు రాముడి కోసం బంగారు తోరణం కట్టాడట. అది పుణ్యాత్ములకే, అదీ చావు దగ్గరపడ్డప్పుడే కనిపిస్తుందట. థామస్ మన్రో దొరకు కనిపించిందట, కొన్నాళ్లకే ఆయన పోయాడట.

దీన్ని ఏమనాలి? అబద్ధమంటే చెప్పినవాళ్లను తప్పుపట్టినట్టు. కట్టుకథ అంటే ఎవరో కావాలని అల్లారన్న నింద. పుకారు నాలుగు రోజుల్లో చల్లారుతుంది, ఇది తరాలు దాటింది. నిరాధారం అన్నది ఆఫీసు కాగితాల మాట. వీటిలో ఏదీ సరిపోని చోటికి తెలుగువాళ్లు చేసుకున్న మాట పుక్కిటి పురాణం. దాని అల్లిక చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

పుక్కిలి అంటే బుగ్గ లోపలి చోటు. వాకిలి వాకిటి అయినట్టు, రోకలి రోకటి అయినట్టు ఇదీ పుక్కిటి అయింది. ఆ అచ్చ తెలుగు ముక్క పక్కన సంస్కృత పురాణాన్ని కూర్చోబెట్టారు. తాటాకుల మీద ఉండాల్సిన పురాణం బుగ్గలో ఉంది! మాట చెప్పేది అంతే. కథ తప్పని తేల్చదు, దానికి ఉన్న ఆధారం ఎంతో చూపిస్తుంది. పైగా ‘శాస్త్రాలన్నీ పుక్కిట పట్టాడు’ అంటే గొప్ప మెప్పు. అదే బుగ్గ పండితుడికి గౌరవం తెచ్చింది, ఈ కథకు అనుమానం తెచ్చింది.

ఆ గండిలోనే రాముడు బాణం మొనతో కొండరాతి మీద ఆంజనేయుణ్ణి గీశాడన్న కథకు నేను ఈ మాట వాడను. అది స్థలపురాణం, భక్తి మీద నిలిచింది. మన్రో సంగతి వేరు. ఆయన 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల కలెక్టరు, 1820 నుంచి మద్రాసు గవర్నరు. 1827 జులై 6న పత్తికొండలో కలరాతో కన్నుమూశాడు. తేదీ, ఊరు, జబ్బు అన్నీ తెలిసిన చావు పక్కన తోరణం కథను పెడితే, పుక్కిటి పురాణమన్న మాట అక్కడ అచ్చంగా అమరుతుంది.

అయినా ఆ కథ మీద నాకు ప్రేమే. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న సీమ ఇది. తమ దొర కలరాతో పోయాడంటే ఆ జనానికి మనసొప్పలేదేమో, బంగారు తోరణం కట్టి సాగనంపారు.