గాజువాక వైండింగ్ మేస్త్రీలు
తీగచుట్టలో అయస్కాంతాన్ని ఆడిస్తే కరెంటు పుడుతుందని 1831లో ఫారడే చూపించాడు. విశాఖ ఉక్కు కర్మాగారం సొంత విద్యుత్ కేంద్రంలో జనరేటర్లు నడిచేది ఆ సూత్రం మీదే. గాజువాకలో మోటార్లు బాగుచేసే వైండింగ్ మేస్త్రీల బతుకుదెరువూ అదే.

కాలిన చుట్టను ఊడదీసి, చుట్లు లెక్కపెట్టి, తీగ మందం (గేజి) చూసి, కొత్త రాగితీగను సరిగ్గా అంతే లెక్కన చుడతారు. మోటారులో కదలని భాగమైన స్టేటర్ గాడిలో ఇన్సులేషన్ కాగితం పరిచి, తీగల్ని కొన్ని కొన్నిగా లోపలికి దించుతారు. ఎంత ఓపికో! ఎనామిల్ పూత గీసుకుపోతే షార్టే. ఆపైన వార్నిష్ పట్టించి ఆరబెడతారు. ఉప్పుగాలి తగిలే మన ఊళ్లో ఆ పూతే మోటారుకు రక్ష.

స్టేటర్‌లో తిరిగే అయస్కాంత క్షేత్రం, లోపల తిరిగే భాగమైన రోటర్‌లో కరెంటు పుట్టిస్తేనే ఇండక్షన్ మోటారు తిరుగుతుంది. చుట్ల లెక్క తప్పితే ఆ క్షేత్రమే చెడుతుంది. నన్నడిగితే, ఈ మేస్త్రీలు ఇంజనీర్లకు ఏమాత్రం తీసిపోరు.