కోడిపిల్ల పేగులో మొదటి సీటు

పలాస దాటాక మందస రోడ్డు రాకముందు వచ్చే చిన్న స్టేషను సుమ్మాదేవి. ఆ ఉద్దానం ప్రాంతంలో పెరడంటే కొబ్బరి, పనస, జీడిమామిడి, వాటి నీడన నాటుకోళ్ళు. పొదగేసిన 21వ రోజున పెంకు పగిలి పిల్ల బయటికొస్తుంది. రెండు మూడు రోజులు దానికి మేత అక్కర్లేదు. పుట్టే ముందు కడుపులోకి లాక్కున్న పచ్చసొన సరిపోతుంది. తర్వాత తల్లి నేల గీకి పిలుస్తుంటే పిల్లలు నూకల్నీ పురుగుల్నీ పొడుస్తాయి. తల్లి రెట్టనూ పొడుస్తాయి. వాకిలి ఊడ్చేవాళ్ళకి అది మురికి. పిల్లకి మాత్రం అది తల్లి ఇచ్చే మొదటి ఆస్తి.

కోడి రెట్టను కాస్త ఓపికగా చూస్తే అది రెండు రకాలని తెలుస్తుంది. ఎక్కువసార్లు పడేది గట్టిగా, తెల్లటి టోపీ పెట్టుకుని ఉంటుంది. రోజులో కొన్నిసార్లు మాత్రం తెలుపు లేని, ముదురు గోధుమరంగు జిగురు ముద్ద పడుతుంది. అది అంధనాళాల నుంచి వస్తుంది. తల్లి రెట్ట పనితనమంతా అక్కడే ఉంది కాబట్టి మేత వెంట ఒకసారి కడుపులోకి వెళ్ళి చూద్దాం.

గింజ ముందు మెడ కింది సంచిలో ఆగి నానుతుంది. అక్కడ లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా గోడకి అతుక్కుని లాక్టిక్ ఆమ్లం చేస్తూ కొద్దిగా పులుపు పుట్టిస్తుంది. తర్వాత జఠర గ్రంథుల నుంచి ఘాటైన ఆమ్లం తగులుతుంది. పళ్ళు లేని కోడికి తిరగలి లాంటి కందనకాయలో గింజ నలుగుతుంది. చిన్నపేగు సారాన్ని పీల్చుకుంటుంది. చిన్నపేగు, పెద్దపేగు కలిసేచోట అటూ ఇటూ రెండు మూసుకుపోయిన గొట్టాలు ఉంటాయి. అవే అంధనాళాలు. వాటి ముఖద్వారం దగ్గర సన్నని చూషకాలు జల్లెడ పట్టినట్టు నలకల్ని ఆపి, ద్రవాన్నీ మెత్తని పదార్థాన్నీ మాత్రమే లోపలికి వదులుతాయి. గాలి ఆడని ఆ గదుల్లో గ్రాముకి వేల కోట్ల సూక్ష్మజీవులు పీచును పులియబెట్టి ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యూటిరిక్ ఆమ్లాలు చేస్తాయి. పేగు గోడ కణాలకి బ్యూటిరిక్ ఆమ్లమే తిండి. రోగం తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియాకి అదే విషం.

పుట్టిన పిల్లలో ఈ గదులు ఖాళీ. పెరట్లో తల్లి రెట్టతో అవి నిండుతాయి. హేచరీలో తల్లి లేదు. గుడ్డును శుభ్రం చేస్తారు, యంత్రం పొదుగుతుంది, పెట్టెలో పెట్టి లారీ ఎక్కిస్తారు. ఆ శుభ్రతే పిల్లను దిక్కులేనిదాన్ని చేస్తుంది. పెద్ద కోడి పేగులో పాగా వేయాలంటే సాల్మొనెల్లాకి లక్షల కణాలు కావాలి. తొలిరోజు పిల్లకి చేతివేళ్ళతో లెక్కపెట్టగలిగినన్ని చాలు.

1971లో ఫిన్లాండ్ బ్రాయిలర్ ఫారాల్లో సాల్మొనెల్లా ఇన్‌ఫాంటిస్ చెలరేగింది. ఎస్కో నుర్మీ, రంతాలా అనే శాస్త్రవేత్తలు ఆరోగ్యంగా ఉన్న పెద్ద కోళ్ళ పేగులోని సరుకును పలచన చేసి అప్పుడే పుట్టిన పిల్లలకి తాగించారు. తర్వాత సాల్మొనెల్లా ఇచ్చినా చాలా పిల్లల్లో అది నిలవలేదు. 1973లో ‘నేచర్’ పత్రికలో ఆ సంగతి ప్రచురించారు. పెరటి పెట్ట చేస్తున్న పనినే వాళ్ళు సీసాలో చేశారని నా లెక్క. ఆ దారిలోనే ఎంచిన 29 రకాల బ్యాక్టీరియాతో చేసిన మిశ్రమానికి 1998లో అమెరికా అనుమతి ఇచ్చింది. దాన్ని తాగించక్కర్లేకుండా, పిల్లలున్న పెట్టెపై తుంపరగా చల్లేవారు. పిల్లలు ఒకదాని నూగు మీది చుక్కను మరొకటి పొడుచుకుని తింటాయి. పొడవడం పిల్ల గుణం. మందు ఇచ్చే పనిని ఆ గుణానికే అప్పజెప్పడం నాకు మహా నచ్చింది.

ఇంతకీ ప్రోబయోటిక్ పేరుతో ఇచ్చే ఈ మంచి బ్యాక్టీరియా చెడ్డదాన్ని ఎలా ఆపుతుంది? పలాసలో పాసింజరు ఆగగానే కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టినట్టు, పేగు గోడ మీది చోట్లను ముందొచ్చినవి పట్టేస్తాయి. తర్వాత వచ్చే సాల్మొనెల్లాకి నిలబడే చోటు ఉండదు, తినడానికి ఏమీ మిగలదు. ఆమ్లాలు దాన్ని లోపలినుంచి తినేస్తాయి. బాక్టీరియోసిన్ అనే చిన్న ప్రొటీన్లతో కొన్ని జాతులు నేరుగా కొడతాయి. ఈస్టుది ఇంకో ఉపాయం. సాల్మొనెల్లా, ఈ.కోలై తమ ఒంటి నూగుపోగుల్తో మానోస్ చక్కెరను పట్టుకుని గోడకి వేలాడతాయి. ఈస్టు పైపొరనిండా మానోసే కాబట్టి అవి దాన్నే పట్టుకుని రెట్టతోపాటు బయటికి కొట్టుకుపోతాయి.

అన్నిటికంటే నన్ను కట్టిపడేసేది బాసిల్లస్ అనే మరో మంచి బ్యాక్టీరియా గడ్డుకాలానికి కట్టుకునే గింజలాంటి రూపం, స్పోరు. తిండి తగ్గగానే బాసిల్లస్ కణం మధ్యలో కాక ఒక చివర గోడ కట్టి రెండుగా విడిపోతుంది. పెద్ద భాగం చిన్న భాగాన్ని మింగి, దాని చుట్టూ ఒక మందపాటి పొర, ఆ పైన డజన్ల కొద్దీ ప్రొటీన్లతో మరో కవచం కడుతుంది. లోపలి నీటిని పిండేసి, కాల్షియంతో కలిసిన డైపికోలినిక్ ఆమ్లాన్ని నింపుతుంది. చిన్న ప్రొటీన్లు డీఎన్‌ఏని చుట్టి కాపాడతాయి. పని అయ్యాక ఆ కవచం కట్టిన తల్లికణం పగిలిపోయి స్పోరు బయటపడుతుంది. పెల్లెట్ మిల్లులో 80 డిగ్రీల వేడి, కోడి కడుపు ఆమ్లం రెండిటినీ అది తట్టుకుంటుంది. పేగులో ఎలనిన్ లాంటి అమైనో ఆమ్లం తగలగానే నిమిషాల్లో నీరు పీల్చుకుని మేల్కొంటుంది. లాక్టోబాసిల్లస్‌కి ఈ కవచం లేదు, అందుకే దాన్ని వేడిమీద చేసే పెల్లెట్ దాణాలో కాక నీళ్ళలో ఇవ్వాలి.

క్లాస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా తెచ్చే పేగుపూతకి ఇదే బాసిల్లస్ పనికొస్తుంది. ఆ రోగం మాత్రం తరచూ ఒంటరిగా రాదు. కాక్సీడియా అనే పరాన్నజీవి ముందు పేగు గోడను గాయపరుస్తుంది, క్లాస్ట్రిడియం అక్కడ విషం చిమ్ముతుంది. కాక్సీడియాను వదిలేసి ప్రోబయోటిక్ ఒక్కటే ఇచ్చి లాభం లేదు.

ప్రోబయోటిక్ పెరటి కోళ్ళకీ అవసరమే. రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా రకం కోడి పెరటికి సరిపోయేలా పుట్టింది, కానీ దానికి పొదుగు గుణం దాదాపు లేదు. దాని పిల్లలు యంత్రంలో పుట్టి, నర్సరీలో కొన్ని వారాలు పెరిగి ఊళ్ళకి చేరతాయి. ఆ నర్సరీ మొదటి రోజే పేగును నింపే రోజు. 2006 నుంచి యూరప్‌లో ఎదుగుదల కోసం దాణాలో యాంటీబయోటిక్ కలపడం ఆగిపోయింది. మన ప్రభుత్వం 2019 జూలైలో కొలిస్టిన్ అనే యాంటీబయోటిక్‌ను కోళ్ళకీ పశువులకీ నిషేధించింది. ఆ ఖాళీని నింపడానికి వచ్చింది గనక ప్రోబయోటిక్‌కి గౌరవమే కాక క్రమశిక్షణ కూడా కావాలి.

కోళ్ళు పెంచేవాళ్ళకి నా మాట ఇది. ప్యాకెట్‌పై జాతి పేరు, గ్రాముకి ఎన్ని జీవకణాలు, గడువు తేదీ చూసి కొనండి. క్లోరిన్ కలిసిన నీటిలో కలపకండి. ఆ నీరే గతైతే రాత్రంతా తెరిచిన పాత్రలో ఉంచి వాడండి. యాంటీబయోటిక్ ఇచ్చే రోజుల్లో ఇవ్వకండి, అది మంచిచెడు చూడదు. పిల్ల దిగిన మొదటి రోజునుంచే ఇవ్వండి. కొక్కెర తెగులు వైరస్ పని, దానిపై ప్రోబయోటిక్‌కి అధికారం లేదు. ఆ టీకా మాత్రం తప్పించకండి.