ఖాకీ చదువులో మా భయం

"ఎవరన్నా కొడితే ఠాణాకి పోకు. సీదా ఇంటికి రా." చిన్నప్పుడు అమ్మీ చెప్పిన మాట ఇది. పక్క గల్లీ హిందూ దోస్తుకి వాళ్లమ్మ చెప్పింది వేరు: "పోలీసోళ్లకి చెప్పు." ఒకటే ఊరు, ఒకటే ఖాకీ. రెండిళ్లలో రెండు పాఠాలు.

ఈ తేడాని పరిశోధించి రాసింది ఒక పోలీసు అధికారే. ఉత్తరప్రదేశ్ ఐపీఎస్, హిందీ నవలాకారుడు విభూతి నారాయణ్ రాయ్. 1987 మే 22 రాత్రి మీరట్ హాషింపురా ముస్లింలను పీఏసీ జవాన్లు ట్రక్కులో తీసుకుపోయి కాలువ ఒడ్డున కాల్చి చంపారు. అప్పుడాయన పక్కనున్న ఘాజియాబాద్ జిల్లాకి ఎస్పీ. 1990లలో నేషనల్ పోలీస్ అకాడమీ ఫెలోషిప్‌తో, మతకలహాల్లో పోలీసుల తటస్థతను జనం ఎలా చూస్తున్నారో అధ్యయనం చేశాడు. అల్లర్లప్పుడు పోలీసు హిందువులకి మిత్రుడిగా, ముస్లింలకి శత్రువుగా కనిపిస్తున్నాడని తేల్చాడు. దాపరికం లేకుండా తప్పు పోలీసుల పక్షపాతంలోనే ఉందన్నాడు. అమ్మీ మాటకి ఖాకీ సాక్ష్యం దొరికింది. ఆ మేలు కాదనలేం.

అయినా నాకొక పేచీ ఉంది. ఆ పరిశోధన కొలిచింది జనం అభిప్రాయాన్ని. రాయ్ ఉద్దేశం అది కాకపోయినా, చదివేవాళ్లు మా అనుభవాన్ని మా 'అభిప్రాయం'గా, అక్కణ్ణించి మా 'అపోహ'గా మార్చేయడం ఎంతసేపు? జబ్బు మాదైతే మందు కూడా మాకే. శాంతి కమిటీ, ఇఫ్తార్ విందు, ఈద్ ములాఖత్. లాఠీ పట్టినవాడి మనసు సంగతేంటి?

ఆ ప్రశ్న 2019లో కామన్ కాజ్, సీఎస్‌డీఎస్ సంస్థల సర్వే అడిగింది. 21 రాష్ట్రాల్లో దాదాపు 12,000 మంది పోలీసులతో మాట్లాడితే, ముస్లింలకి సహజంగానే నేరాల వైపు మొగ్గుంటుందని సగం మంది ఏదో ఒక మేరకు ఒప్పుకున్నారు. ఇప్పుడు చెప్పండి, అపోహ ఎవరిది?

రాయ్‌కి ఫెలోషిప్ ఇచ్చిన అకాడమీ మన హైదరాబాద్ శివరాంపల్లిలోనే ఉంది. పాతబస్తీకి బస్సు దూరం. 2007 మే 18న మక్కామసీదులో బాంబు పేలి మనుషులు చనిపోతే, ఆ వెంటనే పోలీసు కాల్పుల్లో ఇంకొందరు చనిపోయారు. తర్వాత కేసుల్లో ఇరికించిన ముస్లిం యువకులు కోర్టుల్లో నిర్దోషులుగా బయటికొచ్చారు. ఆ పరిశోధనకి ఫెలోషిప్ ఇచ్చిన అకాడమీ ఉన్న ఊళ్లోనే ఇది! అకాడమీలో చదివేది ఐపీఎస్‌లు. మా గల్లీలోకి లాఠీతో వచ్చే కానిస్టేబుల్ చదువు వేరే చోట.

హాషింపురా హంతకుల్లో 16 మందికి ఢిల్లీ హైకోర్టు యావజ్జీవం వేసింది 2018లో. 31 ఏళ్లకి! పోలీసులకీ ప్రజలకీ సంబంధాల గురించి ఎవరు పాఠం చెప్పినా, ఈ 31 ఏళ్ల దగ్గర మొదలుపెట్టాలి. తప్పు చేసిన ఖాకీకి శిక్ష పడుతుందని తెలిస్తేనే భయం పోతుంది. మమ్మల్ని ఇంకెన్నిసార్లు ప్రశ్నలడిగినా పోదు.

ఇవాళ నా బిడ్డ అడిగితే నేనేం చెప్పాలి? అమ్మీ మాట ఇంకా నా నాలుక మీదే ఉంది.