భాగాలు పాతవే, పొందిక కొత్తది

పెద్ద విప్లవం వచ్చి పాత కంపెనీలను ఊడ్చేసిందంటే అర్థం చేసుకోవచ్చు. చూడబోతే చిన్నదే అనిపించే మార్పుకు, అదీ ఆ రంగంలో ఆరితేరినవాళ్లే చతికిలపడితే? రెబెకా హెండర్సన్, కిమ్ క్లార్క్ 1990లో 'అడ్మినిస్ట్రేటివ్ సైన్స్ క్వార్టర్లీ'లో దీనికి జవాబు రాశారు. ఆవిష్కరణల నిర్వహణ మీద వచ్చిన పరిశోధనల్లో ఇంత బిగువైన పనితనం అరుదు.

విడిభాగాల గురించి తెలియడం ఒకటి, అవి ఒకదానితో ఒకటి ఎలా ముడిపడతాయో తెలియడం మరొకటి అన్నారు వాళ్లు. వాళ్లిచ్చిన ఉదాహరణ సీలింగ్ ఫ్యాన్. రెక్కలు మెరుగుపరిస్తే చిన్న మార్పు. సెంట్రల్ ఏసీ వస్తే విప్లవం. మరి ఎక్కడికంటే అక్కడికి మోసుకుపోయే ఫ్యాన్? అవే రెక్కలు, అదే మోటారు. కానీ సైజుకీ మోటారుకీ గాలి వీచే తీరుకీ మధ్య లెక్కలన్నీ మారతాయి. దీనికి 'ఆర్కిటెక్చరల్ ఇన్నోవేషన్' అని పేరుపెట్టారు.

అసలు నైపుణ్యం సాక్ష్యం దగ్గర కనిపిస్తుంది. చిప్‌ల తయారీలో సర్క్యూట్ నమూనాను కాంతితో అచ్చువేసే యంత్రాల పరిశ్రమను ఎంచుకుని, వందమందికి పైగా మనుషులతో మాట్లాడారు. అందులో కాస్పర్ అనే కంపెనీ కథ మరీ గొప్పగా చెప్పారు. నమూనా పలకను సిలికాన్ వేఫర్‌కు ఆనించే యంత్రాల్లో కాస్పర్‌ది పెద్ద పేరు. తర్వాత రెంటి మధ్య సన్నని సందు ఉంచే యంత్రాలు వచ్చాయి. ఇక్కడ ఆ సందును కచ్చితంగా నిలపడమే ప్రాణం. కాస్పర్ మాత్రం పాత యంత్రానికే చిన్న మార్పు అనుకుంది. కచ్చితత్వం లేదని ఫిర్యాదులొస్తే, లోపం కొన్నవాళ్ల ప్రాసెసింగ్‌లో ఉందంది. పోటీ కంపెనీ కానన్ యంత్రాన్ని పరిశీలించిన కాస్పర్ ఇంజనీర్లు అది తమదానికి నకలేనని తేల్చారు. సందును నిలపడంలో కానన్ సాధించిన మెరుగుదల వాళ్ల కంటికి ఆనలేదు. 1981లో కాస్పర్ ఆ రంగం నుంచి తప్పుకుంది.

ఈ కథనంలో ఎవరినీ తెలివితక్కువవాళ్లుగా చూపలేదు. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. విభాగాల విభజన, ఎవరు ఎవరితో మాట్లాడాలన్న అలవాటు, ఏ సమాచారం ముఖ్యమన్న వడపోత, ఇవన్నీ పాత యంత్రం చుట్టూ అల్లుకున్నవి. నిన్నటిదాకా గెలిపించినవీ అవే. లోపం మనుషుల్లో కాదు, వాళ్ల జ్ఞానం అమరిన తీరులో ఉందని మెట్టు మెట్టుగా నిరూపించారు. ఏ మార్పు ఈ కోవలోకి వస్తుందో ముందుగా పసిగట్టడం మాత్రం ఈ సిద్ధాంతంతోనూ కష్టమే.

మేనేజ్‌మెంట్ విద్యార్థులారా, హెండర్సన్, క్లార్క్ వ్యాసంలో ఆవిష్కరణలను వర్గీకరించే నాలుగు గడుల పట్టికను బట్టీపట్టి వదిలేయకండి. కాస్పర్ పేజీలు తప్పక చదవండి.