నడిపేవాళ్లూ ఆడాలి

మొయినాబాద్ ఫామ్‌హౌస్ అనగానే అందరికీ గుర్తొచ్చేవి పుట్టినరోజు దావత్‌లు, స్విమ్మింగ్ పూళ్లు. మా జట్టు అక్కడికి పోయేది ఒక పెద్ద బల్ల కోసం. దాని మీద కాగితాలు, పెన్సిళ్లు, ఇరవై ముఖాల పాచికలు. ఒకరు కథాలోకాన్ని కళ్లకు కట్టిస్తారు, అందులో ఎదురయ్యే మనుషులందరి తరఫునా మాట్లాడతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర పట్టుకుని ఏం చేయాలో తేల్చుకుంటారు. అటో ఇటో తెలియని చోట పాచిక చెబుతుంది. కథ నడిపే ఆ ఒక్కరిని గేమ్ మాస్టర్ అంటారు. చాలాకాలంగా నేను చేస్తున్న పని అదే. అది బాగా రావాలంటే ఏం చేయాలని కొత్తవాళ్లు అడిగితే నాది ఒకటే మాట: వేరేవాళ్లు నడిపే ఆటలో ఆటగాడిగా కూర్చోండి. ఎంత అనుభవం వచ్చినా అది మానకండి.

ఈ ఆట పుట్టుకే అలాంటిది. 1969లో అమెరికాలోని మిన్నెసోటాలో డేవిడ్ వెస్లీ ఒక వార్‌గేమ్ నడిపాడు. అది జరిగేది నెపోలియన్ కాలంనాటి బ్రౌన్‌స్టైన్ అనే కల్పిత పట్టణంలో. సైన్యాలు నడిపేవాళ్లతో పాటు మేయరు, బ్యాంకరు వంటి పాత్రలు కూడా పంచాడు. ఆ ఆటల్లో ఆరితేరిన ఆటగాడు డేవ్ ఆర్నెసన్, 1971లో బ్లాక్‌మూర్ అనే సొంత లోకాన్ని నడపడం మొదలుపెట్టాడు. ఆ బ్లాక్‌మూర్‌లో ఆటగాడిగా కూర్చుని లేచిన గ్యారీ గైగాక్స్, ఆ తర్వాత గ్రేహాక్ అనే తన లోకాన్ని నడిపాడు. ఈ ఇద్దరి పేర్లతో 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అచ్చయింది. ఇద్దరూ ముందు ఆడినవాళ్లే. మన ఒగ్గు కథలోనూ అంతే కదా! వెనక నిలబడి వంత పాడి, తాళం వేసి, నడుమ చిన్న వేషాలు కట్టిన తర్వాతే ఎవరైనా ప్రధాన కథకుడయ్యేది.

మా జట్టులోని ఒక అక్క ఈమధ్య నడిపిన ఆట చెప్తాను. నిజాం కాలం. రాత్రిపూట చేవెళ్ల నుంచి పట్నానికి కూరగాయల బండ్లు తోలుకుపోయే ఐదుగురం మేము. మా దారి బీజాపూర్ రోడ్డు. దాని మర్రిచెట్లు తెలియనివాళ్లు ఇక్కడ ఉండరు. ఆ రోడ్డును వెడల్పు చేయడంపై గొడవ జరిగినప్పుడు లెక్కకొచ్చిన చెట్లే 900 పైచిలుకు. అక్క అంది: "మర్రి ఊడల నడుమ లాంతరు ఊగుతున్నది. పట్టుకున్న మనిషి లేడు. ఏం చేస్తరు?"

అంతే, ఆగింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మాలో చిన్నవాడు అడిగాడు, "అక్కా, ఎడ్లు ఏం జేస్తున్నయి?"

"అడుగు ముందుకేస్తలేవు."

నా వెన్ను జలదరించింది. చెట్టు ఎంత పెద్దదో, గాలి ఎటు వీస్తోందో ఆమె చెప్పలేదు. చెప్పనిదంతా నేనే ఊహించుకున్నాను, అందుకే అంత భయం. కథ నడిపేటప్పుడైతే ఆ లాంతరు ఎవరిదో నాకు ముందే తెలిసి ఉంటుంది. తెలిసినవాడికి భయం ఎక్కడిది? ఎన్ని మాటలు చాలు, ఎక్కడ ఆపాలి అన్నది ఏమీ తెలియకుండా వినేచోటే అర్థమవుతుంది.

ఎదురుచూపు కూడా అక్కడే అర్థమవుతుంది. కథలో కొట్లాట మొదలైతే ఐదుగురిలో చివరి వంతు వచ్చేసరికి చాలాసేపు పడుతుంది. కథ నడిపేవారు ఎవరో ఒకరితో మాట్లాడుతూనే ఉంటారు కనుక ఆ విసుగు వాళ్లకు అందదు. అక్క ఒకరి వంతు నడుస్తుండగానే, "తర్వాత నువ్వే, సోంచాయించుకో" అని పక్కవాడిని హెచ్చరిస్తుంది. ఆ ఒక్క మాటతో బల్ల చుట్టూ ఫోన్ చేతిలోకి తీసుకునేవాళ్లు తగ్గారు. నా ఆటల్లోకి అది అప్పుడే వచ్చేసింది. కథలో పోయినవారం విన్న పటేలు పేరు ఈవారం ఏ ఆటగాడికీ గుర్తుండదని తెలిశాక, ముఖ్యమైన సంగతిని ఇద్దరు ముగ్గురి నోట చెప్పించడం కూడా అలవాటు చేసుకున్నాను.

అయితే గేమ్ మాస్టర్లు ఆటగాళ్లుగా కూర్చున్నప్పుడు ఒక మర్యాద పాటించాలి. రూల్ పుస్తకం నోటికొచ్చు కదా అని ఆట నడుమ తప్పులు పట్టకూడదు. నియమం తప్పిందనిపిస్తే ఆట అయిపోయాక, టీ తాగేటప్పుడు పక్కకు పిలిచి చెప్పొచ్చు. బల్ల దగ్గర ఉన్నంతసేపు మీ పాత్రలో బతకడం, పక్కవాడి పాత్రకు చోటివ్వడం, ఇవే మీ పనులు. నేర్చుకోవాలన్న ఆత్రంతో పరీక్షకుడిలా కూర్చుంటే ఆట అందదు, పాఠమూ అందదు.

చాలా జట్లలో ఒక్కరే ఏళ్లతరబడి నడుపుతుంటారు. మిగతావాళ్లకు ఆ బాధ్యత అంటే జంకు. మీ జట్టూ అలాంటిదే అయితే వచ్చే నెలలో ఒక్క ఆదివారం మీలో ఎవరైనా ముందుకు రండి. రెండు గంటల్లో ముగిసే చిన్న కథ చాలు: ఒక ఊరు, ఒక చిక్కు, ముగ్గురు మనుషులు. మీ గేమ్ మాస్టర్ చేతికి ఒక పాత్ర, ఒక పాచిక ఇచ్చి ఆటగాళ్ల మధ్యన కూర్చోబెట్టండి.